దానంతట అదే రావల్లప్పా!

ఆదోనిలో పత్తి సీజను మొదలైతే నా ఫోనుకు నిద్ర ఉండదు. దసరా దాటిందంటే ఆస్పరి దిక్కు నుంచి, ఆలూరు దిక్కు నుంచి, మా చిప్పగిరి దిక్కు నుంచి ట్రాక్టర్లు, బొలేరోలు పత్తి నింపుకొని జిన్నింగు మిల్లుల ముందు వరస కడతాయి. గేటు దాటగానే వేబ్రిడ్జి. దాని పక్కన చిన్న గది. గదిలో ఒక కంప్యూటరు, ఒక ప్రింటరు, గోడకు దేవుని పటం, కుర్చీలో ఆపరేటరు. కరెంటు పోయి వచ్చిందంటే చాలు, ఆ కుర్చీలోంచి నాకు ఫోను.

"అన్నా, కంప్యూటరు వచ్చింది. కాటా రాలేదు."

కాటా అంటే ఇక్కడ తూకం ప్రోగ్రాము. బండి నిండుగా వచ్చినప్పుడు ఒక తూకం, సరుకు దించి ఖాళీగా తిరిగొచ్చినప్పుడు ఇంకో తూకం. రెండింటికీ ఉన్న తేడానే రైతు పత్తి. ఆ రెండు తూకాలనూ గుర్తుపెట్టుకొని చీటీ కొట్టేది ఆ ప్రోగ్రామే. అది తెరుచుకోకపోతే బయట బండ్లు కదలవు. వెనకాల ఉన్నోడు హారను కొడతాడు. వాని వెనకాల ఉన్నోడు తిడతాడు.

ఒకరోజు మిల్లు యజమాని నన్ను ఎదురుగా కూర్చోబెట్టుకున్నాడు. "చూడప్పా, కరెంటు వస్తానే ఫ్యాను తిరుగుతాంది. దాన్ని ఎవరన్నా పిలుస్తాండారా? ఇది కూడా అట్లే, దానంతట అదే రావల్ల" అన్నాడు. "సరే" అన్నాను. సరే అన్నంత సులభంగా ఆ పని కాలేదు. ఫ్యాను ఎందుకు తిరుగుతుందో, కంప్యూటరు ఎందుకు తిరగదో ఆయనకు చెప్పడానికి నాకు ఒక సీజనంతా పట్టింది. అంతకంటే ముందు ఆ సంగతి నాకు తెలియడానికి చాలా ఏళ్ళు పట్టింది.

నా ఇల్లు చిప్పగిరిలో, కంప్యూటరు రిపేరు అంగడి పక్కనే ఉన్న గుంతకల్లులో. పని మాత్రం ఆలూరు, పత్తికొండ, ఆదోని, ఎమ్మిగనూరుల మధ్య బైకు మీద. మా ఊరి పేరు చెబితే కన్నడ దిక్కు వాళ్ళు వెంటనే గుర్తుపడతారు. హరిదాసుల్లో పెద్దవాడైన విజయదాసులు చివరి రోజులు గడిపింది ఇక్కడే. కార్తీక శుద్ధ దశమికి ఆయన ఆరాధన. ఆరాధన రోజుల్లో ఊరంతా కన్నడమే. బళ్ళారి నుంచి కూడా నాకు గిరాకీలు ఉన్నారు. వాళ్ళు అడిగేదీ ఇదే మాట: "తానాగే షురు ఆగ్బేకు." భాష ఏదైనా కోరిక ఒకటే. దానంతట అదే రావల్ల.

ఈ పని మొదటిసారి నేను చూసింది 1999లో, ఆదోనిలో డీసీఏ కోర్సులో చేరినప్పుడు. విండోస్ 98 ఉన్నా మా సారు డాస్ దగ్గరే మొదలుపెట్టేవాడు. సీ డ్రైవు మొదట్లోనే 'ఆటోఎగ్జెక్ డాట్ బ్యాట్' అని ఒక ఫైలు ఉండేది. మెషీను లేవగానే దాన్ని చదివి, అందులో ఏం రాసి ఉంటే అది చేస్తుంది. సారు దాన్ని మాకు సేద్యం భాషలో చెప్పినాడు. "రాత్రి పడుకునే ముందు జీతగానికి చెబుతాం చూడు: లేస్తానే ఎద్దులకు నీళ్ళు పెట్టు, కొట్టం ఊడ్చు, మేత వెయ్యి, తర్వాత బండి కట్టు. ఆ మాటలు కాగితం మీద రాసిపెడితే అదే ఈ ఫైలు."

ఆ రోజు నేను చేసిన ఘనకార్యం, ఆ ఫైలు చివర నా పేరుతో ఒక స్వాగత వాక్యం చేర్చడం. మెషీను లేవగానే తెర మీద నా పేరు. నాకు తెలియకుండానే అందులో ఉన్న ఒక వరసను చెరిపినాను. దాంతో మౌసు పనిచేయడం మానేసింది. మౌసుకు కావలసిన డ్రైవరును లేపేది ఆ వరసే. సారు తిట్టలేదు. "నువ్వు బండి కట్టమని చెప్పినావు, ఎద్దులను తోలుకొని రమ్మని చెప్పలేదు" అన్నాడు. ఇన్నేళ్ళ తర్వాత కూడా ఏ కంప్యూటరు ముందు కూర్చున్నా నేను ముందుగా వెతికేది ఎద్దులనే.

డాస్‌లో ఒక సుఖం ఉండేది. పై వరస అయ్యాకే కింది వరస. విండోస్‌లో ఆ సుఖం పోయింది. విండోస్ 3.1లోనే స్టార్టప్ అని ఒక గ్రూపు ఉండేది. 1995 ఆగస్టులో విండోస్ 95 వచ్చాక అది స్టార్ట్ మెనూలో చేరింది. అందులో ఏ ప్రోగ్రాము షార్ట్‌కట్ పెడితే, లాగిన్ కాగానే అది తెరుచుకుంటుంది. ఇప్పటికీ ఇదే అన్నింటికంటే తేలిక దారి. విండోస్ మీట, ఆర్ మీట కలిపి నొక్కి, వచ్చిన చిన్న పెట్టెలో 'షెల్', కోలన్, 'స్టార్టప్' అని ఖాళీ లేకుండా కొడితే ఆ ఫోల్డరు తెరుచుకుంటుంది. కావలసిన ప్రోగ్రాము షార్ట్‌కట్‌ను అందులో వేస్తే పని ముగిసినట్టే. ఆ కంప్యూటరు వాడే అందరికీ రావాలంటే 'స్టార్టప్' ముందు 'కామన్' అనే మాట, ఒక ఖాళీ చేర్చాలి.

అందులో వేయాల్సింది షార్ట్‌కట్, ప్రోగ్రాము కాదు. ఒక ఎరువుల అంగడిలో పిల్లోడు లెక్కల ప్రోగ్రామునే కట్ చేసి అక్కడ పేస్ట్ చేసినాడు. పక్కనుండే ఫైళ్ళన్నీ పాత చోటే ఉండిపోయినాయి. ఇంట్లోంచి మనిషిని తీసుకుపోయి ఉత్త చేతులతో పొలంలో నిలబెట్టినట్టయింది.

ఇక ఎమ్మిగనూరు సంగతి. జనవరిలో నీలకంఠేశ్వరుని జాతర. దానికి ముందు వారం రోజులు ఆ ఊరి డీటీపీ అంగళ్ళలో కూర్చోవడానికి చోటుండదు. కరపత్రాలు, ఫ్లెక్సీలు, రసీదు బుక్కులు. తెలుగు డీటీపీ అంటే మా దిక్కు పేజ్‌మేకరు, అను ఫాంట్లు. అను స్క్రిప్ట్ మేనేజర్ తెర కింద మూలన, గడియారం పక్కన కూర్చొని ఉంటుంది. మనం కొట్టే ఇంగ్లీషు మీటలను పట్టుకొని తెలుగుకు మారుస్తుంది. అది లేవకపోతే ఆపరేటరు ఎంత వేగంగా కొట్టినా తెర మీద పడేవి ఇంగ్లీషు అక్షరాలే. అందుకే ప్రతి డీటీపీ అంగడి కంప్యూటరులో దాన్ని స్టార్టప్‌లో పెడతాం.

ఒక అంగడికి పాత ఎక్స్‌పీ మెషీను తీసేసి కొత్తది ఇచ్చినాను. పేజ్‌మేకరు 2001 నాటి సరుకు. కొత్త విండోస్‌లో అది మొరాయిస్తే, దాన్ని 'రన్ యాజ్ అడ్మినిస్ట్రేటర్' అని టిక్కు పెట్టి తెరవడం మా రిపేరువాళ్ళ అలవాటు. నేనూ టిక్కు పెట్టి వచ్చేసినాను. రాత్రి తొమ్మిదికి ఫోను. "అన్నా, వేరే చోట తెలుగు మీటలు పడతాండాయి. పేజ్‌మేకర్లో మాత్రం ఇంగ్లీషే వస్తాంది. రేపు పొద్దునకు రెండువేల కరపత్రాలు ఇయ్యల్ల."

మూడు గంటలు కొట్టుకున్నాను. ఫాంటు మార్చినాను, తీసి మళ్ళీ వేసినాను. తప్పు నేను పెట్టిన టిక్కుదే. అధికారం ఎక్కువ ఉన్న ప్రోగ్రాము కిటికీలోకి, అధికారం తక్కువ ఉన్న ప్రోగ్రామును విండోస్ తొంగి చూడనివ్వదు. విస్టా నుంచి అదే కట్టుబాటు. పేజ్‌మేకరును నేను దొర కుర్చీ ఎక్కించినాను, తెలుగు మార్చేదాన్ని వాకిట్లో నిలబెట్టినాను. సరే, దీనికీ అదే అధికారం ఇద్దామని టిక్కు పెడితే ఇంకో చిక్కు. అనుమతి అడిగే ప్రోగ్రామును విండోస్ స్టార్టప్ ఫోల్డరులోంచి తెరవనే తెరవదు. మారుమాట లేకుండా వదిలేస్తుంది.

ఆ రాత్రే నేను టాస్క్ షెడ్యూలర్‌ను నిజంగా నేర్చుకున్నాను. అందులో ఒక పని సృష్టించి, ఎప్పుడు అన్నచోట 'లాగిన్ అయినప్పుడు' అని, ఎట్లా అన్నచోట 'పూర్తి అధికారంతో' అని పెడితే, అనుమతి పెట్టె రాకుండానే ప్రోగ్రాము లేస్తుంది. రాత్రి పన్నెండున్నరకు పేజ్‌మేకర్లో తెలుగు పడింది. ఆపరేటరు మాట్లాడకుండా కరపత్రం కొట్టుకుంటూ కూర్చున్నాడు. టీ తెచ్చేవాడు కూడా లేడు.

నవ్వొచ్చే కథ గుడిది. మా దిక్కు ఒక పల్లెలో గుడికి ఎవరో పాత కంప్యూటరు దానం చేసినారు. తెల్లవారుజామున మైకులో సుప్రభాతం దానంతట అదే రావాలని గుడివాళ్ళ కోరిక. పూజారి వచ్చేసరికి పాట మొదలై ఉండాలి. ఇది నాకు భలే నచ్చింది. ఎందుకంటే ఇక్కడ లేవాల్సింది ప్రోగ్రాము ఒక్కటే కాదు, కంప్యూటరే లేవాలి.

దానికీ దారి ఉంది. బయాస్ సెట్టింగుల్లో 'ఆర్‌టీసీ అలారం' అని ఉంటుంది. గోడ స్విచ్చి వేసి ఉంటే చాలు, మనం చెప్పిన గంటకు మెషీను తనే ఆన్ అవుతుంది. ఆ మాట చెబితే పూజారి, "ఆర్టీసీ బస్సు ఆరు గంటలకు గదా వచ్చేది, అంతదాకా ఆగితే ఎట్లా?" అన్నాడు. ఈ ఆర్‌టీసీ బస్సు కాదు సామీ, లోపలుండే గడియారం అని చెప్పినాను. 4 గంటల 45 నిమిషాలకు పెట్టినాను. పాట ఫైలు షార్ట్‌కట్‌ను స్టార్టప్ ఫోల్డరులో వేసినాను. పాస్‌వర్డు తీసేసినాను. వారం రోజులు సుప్రభాతం గడియారం కొట్టినట్టు వచ్చింది.

ఎనిమిదో రోజు రాత్రి 10 గంటల 45 నిమిషాలకు వచ్చింది. ఊరు ఊరంతా లేచి కూర్చుంది. ఒక ముసలాయన ఎద్దులను కూడా విప్పినాడట. పొద్దున నేను పోయి చూస్తే, బోర్డు మీద నాణెమంత బటన్ సెల్లు, సీఆర్ 2032, చచ్చిపోయింది. మధ్యాహ్నం గుడి మూసేటప్పుడు ఎవరో గోడ స్విచ్చి ఆపినారు. సాయంత్రం ఆరుకు దీపారాధన వేళ మళ్ళీ వేసినారు. సెల్లు లేదు కాబట్టి గడియారం అప్పుడే అర్ధరాత్రి పన్నెండు అనుకొని లెక్క మొదలుపెట్టింది. ఆ బోర్డులో సెట్టింగులు వేరే చిప్పులో దాచుకుంటాయి కాబట్టి అలారం మాత్రం చెక్కుచెదరలేదు. ఆరుకు నాలుగు ముప్పావు కలుపు. పదీ ముప్పావు. దాని లెక్క తప్పు కాదు. సెల్లు మార్చకుండా చేతులు దులుపుకొని వచ్చిన నాది తప్పు. ముప్పై నలభై రూపాయల సెల్లు. అప్పటినుంచి నా సంచిలో నాలుగు సెల్లులు ఎప్పుడూ ఉంటాయి.

ఇంతవరకు లేపే కథలు. నా సంపాదనలో సగం లేచేవాటిని పడుకోబెట్టడం మీదే. "కంప్యూటరు స్లో అయిందన్నా" అని తెస్తారు. ఆన్ చేస్తే తెర వస్తుంది, మౌసు కదలదు. ఐదు నిమిషాలు హార్డ్ డిస్కు లైటు ఆరకుండా వెలుగుతూనే ఉంటుంది. అంగడివాళ్ళకు ఇది అర్థమయ్యేటట్టు చెప్పడం నాకు మొదట్లో చేతకాలేదు. తర్వాత మా నాయన బోరు దగ్గర ఆ మాట దొరికింది.

మా చేలో బోరుకు ఆటో స్టార్టరు ఉండేది. త్రీఫేజు కరెంటు ఏ అర్ధరాత్రి వస్తుందో తెలిసేది కాదు. రాగానే మోటారు దానంతట అదే ఎత్తుకునేది. నాయన నిద్ర చెడగొట్టుకోవాల్సిన పని లేదు. పక్క చేనోళ్ళూ అదే పెట్టినారు, ఆ పక్కోళ్ళూ అదే. కరెంటు వచ్చిన క్షణంలో ఆ లైను మీదున్న మోటార్లన్నీ ఒక్కసారి లేచేవి. మోటారు తిరుగుతున్నప్పటికంటే లేచేటప్పుడు కొన్ని రెట్లు ఎక్కువ కరెంటు లాగుతుంది. అన్నీ కలిసి లాగితే ట్రాన్స్‌ఫార్మరు ఢాం అనేది. తర్వాత వారం రోజులు ఎవరికీ నీళ్ళు లేవు. తెలంగాణలో 2018 జనవరి ఒకటిన సేద్యానికి 24 గంటల కరెంటు మొదలుపెట్టే ముందు అక్కడి ప్రభుత్వం ఆటో స్టార్టర్లు తీసేయమని రైతుల వెంటపడింది కూడా.

స్లో అయిన కంప్యూటరు కథ కూడా ఇంతే. ప్రింటరు వేసినప్పుడు ఒకటి, ఫోను కలిపినప్పుడు ఒకటి, పాటల ప్రోగ్రాము ఒకటి, మనం ఎప్పుడు ఒప్పుకున్నామో మనకే తెలియని ఇంకో నాలుగు. ప్రతిదీ వస్తూ వస్తూ తన ఆటో స్టార్టరు తాను బిగించుకుంటుంది. పవర్ బటను నొక్కగానే అన్నీ కలిసి ఒకే హార్డ్ డిస్కు మీద పడతాయి. "ట్రాన్స్‌ఫార్మరు కాలడం చూసింటావు గదా, ఇదీ అదే" అంటే మా రైతులకు ఇంకో మాట చెప్పాల్సిన పని లేదు. విండోస్ 8 నుంచి టాస్క్ మేనేజర్లోనే స్టార్టప్ పట్టీ ఉంది. ఏది ఎంత బరువో పక్కనే రాసి ఉంటుంది. అక్కరలేనిదాని మీద 'డిసేబుల్' కొడితే అది లేవదు. ప్రోగ్రాము ఎక్కడికీ పోదు, పిలిచినప్పుడు వస్తుంది.

అట్లా లేచేవాటిలో దొంగలు కూడా ఉంటారు. 2000 మే నెలలో లోకమంతా తిరిగిన 'ఐ లవ్ యూ' వైరసు చేసిన పనుల్లో ఒకటి, రిజిస్ట్రీలో రన్ అనే చోట తన పేరు రాసుకోవడం. మెషీను లేచిన ప్రతిసారీ తానూ లేవడానికి. 2008 తర్వాత రెండు మూడేళ్ళు మా దిక్కు స్టూడియోలన్నీ పెన్‌డ్రైవు వైరసులతో అల్లాడినాయి. పెళ్ళి ఫోటోలు తెచ్చిన పెన్‌డ్రైవు గుచ్చితే చాలు, అందులోని ఆటోరన్ ఫైలు వైరసును లేపేది. 2011 ఫిబ్రవరిలో మైక్రోసాఫ్ట్ పాత విండోస్‌లకు అప్‌డేట్ పంపి పెన్‌డ్రైవులకు ఆ సదుపాయం తీసేసింది. మంచి ప్రోగ్రాముకు, మాయదారి ప్రోగ్రాముకు ఒకే వాకిలి. నేను కాటా ప్రోగ్రామును పెట్టిన చోటే వైరసు కూడా వచ్చి కూర్చుంటుంది. అందుకే ఏ కంప్యూటరు వచ్చినా ఆ చోటు ఒకసారి చూడకుండా మూత వేయను.

ఇంకో రకం ఉంది. లేస్తుంది, పనిచేస్తుంది, కానీ తెర మీద కనపడదు. ఆధార్ వేలిముద్ర మిషను వెనకాల నడిచే ఆర్‌డీ సర్వీసు అట్లాంటిది. దానికి కిటికీ ఉండదు. ఎవరూ లాగిన్ కాకముందే విండోస్‌తో పాటు లేచి, వేలు ఎప్పుడు పెడతారా అని కాచుకొని ఉంటుంది. ఆలూరు దిక్కు ఒక సేవా కేంద్రంలో పింఛను ముసలివాళ్ళు పొద్దున్నే వచ్చి అరుగు మీద కూర్చుంటే, మిషను పలికేది కాదు. "రీస్టార్ట్ చేస్తే వస్తాంది సార్. రాత్రి ఆఫ్ చేసి పొద్దున ఆన్ చేస్తే రాదు. రెండూ ఒకటే గదా?" అని ఆ పిల్లోడి ప్రశ్న.

రెండూ ఒకటి కాదు. విండోస్ 8 నుంచి ఫాస్ట్ స్టార్టప్ అని ఒకటి వచ్చింది. షట్‌డౌన్ కొడితే మెషీను మన ప్రోగ్రాములను మూస్తుంది గానీ, తన లోపలి భాగాన్ని ఉన్నదున్నట్టు డిస్కులో దాచుకొని కునుకు తీస్తుంది. పొద్దున అదే ముఖంతో లేస్తుంది. సర్వీసులు కొత్తగా మొదలుకావు, నిన్నటి స్థితిలోంచే కొనసాగుతాయి. నిన్న సాయంత్రం మిషను పీకి బీరువాలో పెట్టినప్పుడు అది ఏ తికమకలో ఉందో, పొద్దున అదే తికమక. రీస్టార్ట్ మాత్రం పూర్తిగా పడుకోబెట్టి లేపుతుంది. పవర్ ఆప్షన్లలో ఆ ఒక్క టిక్కు తీసేసినాను. ఆన్ కావడానికి ఇంకాస్త ఎక్కువసేపు పట్టింది. అరుగు మీద కాచుకునే బాధ తప్పింది.

మళ్ళీ మిల్లుకు వద్దాం. యజమాని ఫ్యాను మాట అన్నాక నేను ఆ గదిలో కూర్చొని కాగితం మీద రాసుకున్నాను. ఎద్దులు ఎవరు, బండి ఏది?

కరెంటు రాగానే కంప్యూటరు ఆన్ కావాలి. అది బయాస్‌లో ఒక సెట్టింగు. కరెంటు పోయి వస్తే ఏం చేయాలి అన్నచోట 'ఆన్' అని. తర్వాత పాస్‌వర్డు దగ్గర ఆగకూడదు. స్టార్టప్ అన్న పేరే గానీ, మనిషి లాగిన్ అయితే తప్ప అందులోవి లేవవు. పాస్‌వర్డు తీసేస్తే దారిన పోయేవాడు కూర్చొని తూకాలు తడమొచ్చు. అందుకని కాటాకు మాత్రమే ఒక యూజరును, అధికారాలు తక్కువగా పెట్టి సృష్టించినాను. ఆ యూజరు తనంతట తాను లాగిన్ అవుతాడు. మిల్లు లెక్కలు అతనికి కనపడవు. తర్వాత తూకాలు దాచే డేటాబేసు సర్వీసు లేవాలి. తర్వాత తూకం చూపే ఇండికేటరు నుంచి వచ్చే తీగ. అది యూఎస్‌బీ కన్వర్టరు గుండా వస్తుంది. పీకి వేరే రంధ్రంలో గుచ్చితే దాని పోర్టు నంబరు మారిపోతుంది. ప్రోగ్రాము పాత నంబరు దగ్గర చెవి పెట్టుకొని కూర్చుంటుంది. ఆ నంబరును డివైస్ మేనేజర్లో కట్టేసినాను. ఇవన్నీ అయ్యాకే బండి కట్టాలి. ఇంతకాలం "కాటా రాలేదు" అన్నది అందుకే. కాటా వచ్చింది, డేటాబేసు ఇంకా లేవలేదు, ఎవరూ పలకలేదని తలుపు మూసుకొని పోయింది.

టాస్క్ షెడ్యూలర్లో ప్రోగ్రాముకు ఒక నిమిషం ఆలస్యం పెట్టినాను. 'స్టార్ట్ ఇన్' అనే గడిలో ప్రోగ్రాము ఫోల్డరు పేరు రాసినాను. అది ఖాళీగా వదిలితే ప్రోగ్రాము తన ఫైళ్ళను విండోస్ సొంత ఫోల్డరులో వెతుక్కుంటుంది. కరెంటు తీసి వేసి చూసినాను. నిమిషం దాటగానే తెర నిండా కాటా. యజమాని మీసం దువ్వుకున్నాడు.

మూడు రోజులకు ఫోను. నడుస్తున్న కాటా ఉన్నట్టుండి మూసుకుపోయిందట. కంప్యూటరును ఆపి వేస్తే వచ్చింది, మళ్ళీ మూడు రోజులకు మూసుకుపోయింది. సీజనులో ఆ మెషీను రాత్రింబవళ్ళు ఆన్‌లోనే ఉంటుంది. టాస్క్ షెడ్యూలర్లో అడుగున ఒక టిక్కు ముందే పెట్టి ఉంటుంది: పని 3 రోజులకు మించి నడిస్తే ఆపేయి అని. నేను ఆ పేజీ తెరవనే లేదు. దాన్ని తీసేసినాను. ఇంతలో వాళ్ళు రెండో కాటా దగ్గర ల్యాప్‌టాప్ పెట్టినారు. అక్కడ ఇంకో వింత. కరెంటు పోతే ల్యాప్‌టాప్ బ్యాటరీ మీద నడుస్తూనే ఉంటుంది, కాటా మాత్రం మూసుకుపోతుంది. ఏ కరెంటు కోత కోసం ల్యాప్‌టాప్ కొన్నారో ఆ కోతలోనే అది పనికిరాకుండా పోయింది. అదీ ముందే పెట్టి ఉన్న టిక్కే: బ్యాటరీ మీదికి మారితే పని ఆపేయి అని. నేను చేసినవాటి వల్ల కాదు, చూడకుండా వదిలేసినవాటి వల్ల ఆ సీజనులో ఆదోనికి నాలుగుసార్లు తిరిగినాను. పెట్రోలు నాదే.

నాలుగోసారి పోయినప్పుడు యజమానికి జిన్నింగు హాల్లోని మోటార్ల స్టార్టరు పెట్టె చూపించినాను. "కరెంటు వస్తే ఈ మోటారు ఎందుకు తిరగదు సార్?" అని అడిగినాను. ఆయనకు తెలుసు. అందులో నో వోల్ట్ కాయిల్ ఉంటుంది. కరెంటు పోగానే స్విచ్చి పడిపోతుంది, మనిషి వచ్చి బటను నొక్కితే తప్ప లేవదు. ఎందుకంటే కరెంటు పోయిన సందులో ఎవడో మిషనులో చెయ్యి పెట్టి పత్తి తీస్తుంటాడు. "అంటే దానంతట అది రాకూడనివి కూడా ఉంటాయి గదా సార్" అన్నాను. ఆయన నవ్వి, "మరి కాటాకు ఎవని చెయ్యి తెగుతుందప్పా?" అన్నాడు.

జవాబు ఆ సాయంత్రమే దొరికింది. కరెంటు వచ్చింది, పోయింది, వచ్చింది, మళ్ళీ పోయింది. ఐదు నిమిషాల్లో నాలుగుసార్లు. మా దిక్కు కరెంటు నిలబడే ముందు అట్లా కాసేపు ఊగుతుంది. వచ్చిన ప్రతిసారీ కంప్యూటరు లేవబోయి సగంలో చచ్చింది. డేటాబేసు రాస్తూ రాస్తూ ఆగిపోయి ఉంటే ఆ రోజు తూకాలన్నీ పోయేవి. చెయ్యి తెగేది రైతుది. అందుకే బయాస్‌లో ఆ ఒక్క సెట్టింగును వెనక్కి తిప్పినాను. కరెంటు వచ్చినా కంప్యూటరు లేవదు. కరెంటు నిలబడిందని చూసుకొని మనిషి బటను నొక్కాలి. అక్కడి నుంచి అంతా దానంతట అదే. యజమాని కాసేపు ఆలోచించి ఒప్పుకున్నాడు. "ఒక బటను అంటే ఎవడైనా నొక్కుతాడులే" అన్నాడు.

ఆ 'ఎవడైనా' అన్నది నిజమైంది. మరుసటి ఏడు పాత ఆపరేటరు పెళ్ళాం బిడ్డలతో గుంటూరు దిక్కు మిరపకోతకు సుగ్గిపోయినాడు. మిల్లు జీతం కంటే కోత కూలి మేలనుకున్నాడేమో. కొత్త పిల్లోనికి కాటా ప్రోగ్రాము ఎక్కడుంటుందో తెలియదు. దాన్ని తెరవాల్సిన అవసరం ఎప్పుడూ రాలేదు కదా. ఒకరోజు పొరపాటున మూసేసి, దాన్ని మళ్ళీ లేపడానికి కంప్యూటరునే ఆపి వేసినాడు. బయట పది బండ్లు. డెస్కుటాపు మీద కాటా బొమ్మ ఉంది, రెండుసార్లు నొక్కితే చాలు. ఆ మాట వానికి చెప్పేవాళ్ళు లేరు. ఇప్పుడు నేను ఏ చోట ఈ పని చేసినా, గోడకు ఒక కాగితం అంటిస్తాను. చేత్తో తెరవాలంటే ఏం నొక్కాలి, ఏది ముందు, ఏది వెనక. పెద్ద అక్షరాల్లో, తెలుగులో.

ఈ పనికి నేను రెండొందలు అడిగితే, "రెండు క్లిక్కులకు రెండొందలా?" అంటారు. క్లిక్కులు రెండే. ఆ మాట నిజం. అందుకే వాదించను. పని అయిపోయాక నా పరీక్ష ఒకటి ఉంది. దానికి నేను స్టార్ట్ మెనూలో రీస్టార్ట్ కొట్టను. మామూలుగా మూసి, గోడ స్విచ్చి ఆపేస్తాను. కుర్చీలోంచి లేచి గది బయటికి వస్తాను. ఆపరేటరును కాదు, అక్కడ కంప్యూటరు జోలికి ఎప్పుడూ పోని మనిషిని పిలుస్తాను. మిల్లులో అయితే వాచ్‌మన్ తాతను. స్విచ్చి వెయ్యి తాతా, ఆ బటను నొక్కు అని చెప్పి చేతులు కట్టుకొని నిలబడతాను.

మొదట తెర నల్లగా ఉంటుంది. తర్వాత విండోస్ వస్తుంది. తర్వాత ఒక నిమిషం ఏమీ రాదు. తాత నా ముఖం చూస్తాడు. "ఏం నాయనా, నేనేమన్నా తప్పు నొక్కితినా?" అంటాడు. నేను మాట్లాడను. ఆ నిమిషంలో లోపల ఎద్దులు నీళ్ళు తాగుతుంటాయి.